మాటలన్నీ వినపడుతున్నాయి, అయినా నాన్న అలసిపోతున్నారు: ఆ శ్రమను కనుపాపతో కొలుస్తారట, నిజమేనా?

కృష్ణలంక కూతురు
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్న వయసు 66. ముప్ఫై రెండేళ్లు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకు మీద సుత్తి దెబ్బలు, గ్రైండర్ మోత. ఆ రోజుల్లో చెవిలో దూది పెట్టుకున్నవాళ్లు కూడా లేరు. నాలుగేళ్ల కిందట రెండు చెవులకూ మిషన్లు పెట్టించాం.

పోయిన నెల మళ్లీ టెస్ట్ చేయించాం. గదిలో కూర్చోబెట్టి మాటలు వినిపిస్తే నూటికి తొంభై సరిగ్గా చెప్పారు. "బాగా వినపడుతోంది, ఇంకేం కావాలి" అన్నారు అక్కడ. ఇంట్లో అందరూ ఆ తొంభైనే పట్టుకున్నారు. నాకు కనిపిస్తున్నది వేరు. మొన్న మా పిన్ని వాళ్ల గృహప్రవేశానికి గుంటూరు వెళ్లాం. రెండు గంటలు అందరితో కూర్చుని మాట్లాడారు, అడిగినదానికి సరిగ్గానే జవాబు చెప్పారు. భోజనాలు కాగానే మేడ మీద గదిలోకి వెళ్లి, మిషన్లు తీసి జేబులో వేసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నారు. తిరుగు ప్రయాణంలో వారధి దాటే దాకా ఒక్క మాట లేదు. "మీ నాన్నకు మనుషులంటే గిట్టడం మానేసింది" అన్నాడు మా బాబాయి. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

వినడానికి పడే శ్రమను కనుపాప సైజు చూసి కొలుస్తారని ఒకచోట చదివాను. అది నిజమేనా? విజయవాడలో గానీ గుంటూరులో గానీ చేస్తారా? చేయించి, ఆ కాగితం ఇంట్లోవాళ్లకు చూపించాలని ఉంది.

భవానీపురం అక్క
శనివారం, రాత్రి 9:37

అమ్మా, మీ నాన్నగారు పడుకున్న గది లాంటిది మా ఆఫీసులో నాకు లేదు. ఉంటే నేనూ అలాగే పడుకునేదాన్ని. పదకొండేళ్లుగా చెవి మిషన్లు వాడుతున్నాను. కౌంటర్ ఉద్యోగం. అద్దం అవతల మనిషి, పైన ఫ్యాను, వెనక ప్రింటర్. ఒక్క అంకె తప్పు వినలేదు ఇన్నేళ్లలో. సాయంత్రం బస్సు ఎక్కాక పక్కావిడ టైమెంత అని అడిగితే జవాబు చెప్పడానికి నోరు రాదు. కోపం కాదు, పొగరు కాదు. లోపల ఏమీ మిగలదు, అంతే. మీ బాబాయిగారికి ఈ మాట నా పేరు మీద చెప్పండి.

కొత్తపేట ఆడియాలజిస్ట్
శనివారం, రాత్రి 10:05

గుంటూరులో వినికిడి పరీక్షల ప్రాక్టీసు చేస్తున్నాను. ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు. ఇది రోజువారీ క్లినిక్ పరీక్ష కాదు. ఇంకా పరిశోధనశాలల్లో వాడే పద్ధతే. మీ నాన్నగారి కోసం డబ్బు పోసి దీన్ని వెతుక్కుంటూ తిరగకండి.

ఇక ఆ తొంభై గురించి. మేము చేసే పరీక్షలు రెండు సంగతులు చెబుతాయి. ఎంత చిన్న శబ్దం దాకా వినగలరు, గదిలో వినిపించిన మాటల్లో ఎన్ని సరిగ్గా అందుకున్నారు. ఆ మాటల్ని అందుకోవడానికి మనిషి ఎంత పెట్టుబడి పెట్టాడన్నది మా కాగితంలో ఎక్కడా ఉండదు. తొంభై మార్కులు ఇద్దరికి వస్తాయి, ఒకడు ఆడుతూ పాడుతూ రాస్తాడు, ఇంకొకడు రాత్రంతా మేలుకుని చదివి రాస్తాడు. మార్కుల కాగితం ఇద్దరినీ ఒకటిగానే చూపిస్తుంది.

ఆటోనగర్ నుంచి వచ్చేవాళ్ల ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గీతలో, తరచుగా 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని శబ్దాల దగ్గర, ఒక గుంట కనిపిస్తుంది. అది మోత వల్ల వచ్చే నష్టానికి గుర్తు. అచ్చుల దగ్గర నష్టం తక్కువ కాబట్టి మాట "వినపడుతుంది". స, చ, త లాంటి హల్లుల్లోని సన్నని భాగం పోతుంది. "సారు" అన్నారా "చారు" అన్నారా అని ప్రతిసారీ మనసు తేల్చుకోవాలి. రోజుకు వందల సార్లు జరిగే పని అది.

బ్రాడీపేట విద్యార్థి
శనివారం, రాత్రి 11:20

అక్కా, మా ఊరు గుంటూరే, ఆడియాలజీలో పీజీ మాత్రం వేరే రాష్ట్రంలో చదువుతున్నాను. నా డిసర్టేషన్, అంటే పీజీకి చేసే పరిశోధన, ఈ కనుపాప కొలతల మీదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వెలుతురులో కనుపాప చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. సుమారు 2 మిల్లీమీటర్ల నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. అయితే వెలుతురు ఏమాత్రం మారకుండా ఉంచినా, మనసు ఒక పని మీద కష్టపడుతుంటే పాప కొద్దిగా విప్పారుతుంది. ఆ కొద్ది ఎంతంటే, మామూలుగా అర మిల్లీమీటరు కూడా దాటదు. 1964లో హెస్, పోల్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నోటి లెక్కలు ఇచ్చి చూశారు. 7ను 8తో గుణించేటప్పటి కన్నా 16ను 23తో గుణించేటప్పుడు పాప ఎక్కువ విప్పారింది. 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ సెకనుకొకటి చొప్పున అంకెలు వినిపించి గుర్తుపెట్టుకోమన్నారు. ఒక్కో అంకె చెవిన పడుతున్న కొద్దీ పాప పెద్దదవుతూ పోయింది. వాటిని ఒక్కొక్కటిగా అప్పజెబుతుంటే మళ్లీ చిన్నదవుతూ వచ్చింది. తల మీద బరువు ఎత్తుకోవడం, దించుకోవడం కంట్లో కనిపించినట్టే. ఈ కానెమన్‌కే 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఎందుకు విప్పారుతుందంటే, పాప చుట్టూ ఉండే రంగు వలయం, ఐరిస్‌లో రెండు కండరాలున్నాయి. ఒకటి పాపను ముడుస్తుంది, ఒకటి తెరుస్తుంది. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న భాగం ఉంది, ఆ పేరుకు నీలి మచ్చ అని అర్థం. మనసు చురుగ్గా పని చేయాల్సి వచ్చినప్పుడు అక్కడి నుంచి నోరడ్రినలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దాని చురుకుతో పాటే పాప సైజూ మారుతుంది. మామూలుగా మనం దాన్ని కావాలని పెంచలేం, కావాలని దాచలేం. అందుకే నాకు ఈ కొలత అంటే ఇంత ఇష్టం. "మీకు కష్టంగా ఉందా" అని అడిగితే మన పెద్దవాళ్లు "అబ్బే, ఏం లేదు" అంటారు. కన్ను అలా అనదు.

వినికిడి పరిశోధనలో దీన్ని నిలబెట్టినవాళ్లలో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ బృందం ముఖ్యమైనది. 2010లో ఆడ్రియానా జెక్‌వెల్డ్, సోఫియా క్రామర్, యూస్ట్ ఫెస్టెన్ కలిసి చేసిన పని చూడండి. గోల మధ్య వాక్యాలు వినిపించారు. ఒకసారి సగం అర్థమయ్యేలా, ఒకసారి 71 శాతం, ఒకసారి 84 శాతం. అర్థం కావడం తగ్గేకొద్దీ పాప ఎక్కువ విప్పారింది. 2012లో థామస్ కూలెవైన్ అదే బృందంతో కలిసి ఇంకో సంగతి చూపించాడు. అర్థమయ్యే శాతం సమానంగా ఉంచినా, వెనక ఉన్నది ఉత్త రొద అయితే పాప తక్కువ విప్పారింది, వెనక ఇంకో మనిషి మాట్లాడుతుంటే ఎక్కువ విప్పారింది. మీ నాన్నగారికి గృహప్రవేశం ఎందుకంత భారమైందో ఇక్కడ కొంత దొరుకుతుంది. ఫ్యాను మోతను మనసు పక్కకు నెట్టగలదు. పక్కన మీ పిన్నిగారు చెబుతున్న కబురును నెట్టడం చాలా కష్టం, అదీ తెలుగే కాబట్టి, అందులోనూ అర్థం ఉంది కాబట్టి.

ఏలూరు రోడ్ కోడర్
ఆదివారం, ఉదయం 7:48

చాలా బాగా చెప్పావు తమ్ముడూ. నాది సాఫ్ట్‌వేర్. ఇప్పటి ఫోన్ల కెమెరాలు చాలా బాగుంటున్నాయి కదా, ముందు కెమెరాతో పాప సైజు తీసుకునే యాప్ రాస్తే? అక్క వాళ్ల నాన్నగారికి ఇంట్లోనే చూడొచ్చు. వారం రోజుల్లో ఒక నమూనా రాయగలను.

పటమట కళ్లద్దాలు
ఆదివారం, ఉదయం 8:30

కంటి చూపు పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టుని. మీ ఉత్సాహం బాగుంది కానీ తొందరపడకండి. మన కళ్లు ముదురు గోధుమ రంగు. మామూలు వెలుతురులో తీసిన ఫొటోలో ఐరిస్ ఎక్కడ ఆగింది, పాప ఎక్కడ మొదలైంది అన్నది తేల్చడం మాకే కష్టం. పరిశోధనకు వాడే యంత్రాలు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తాయి. ఆ వెలుగులో ముదురు ఐరిస్ కూడా లేతగా కనిపిస్తుంది, పాప నల్లగా విడిగా నిలబడుతుంది. కొలవాల్సిందేమో అర మిల్లీమీటరులో భాగం. ఫోన్ చేతిలో ఒక అంగుళం ముందుకో వెనక్కో జరిగితే అంతకన్నా పెద్ద తేడా కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. వయసు మీద పడేకొద్దీ పాప చిన్నదవుతుంది, చీకట్లో కూడా కుర్రవాళ్లలా విప్పారదు. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లలో పాపను నడిపే నరాలు దెబ్బతిని కదలిక మందగించవచ్చు. కంటి పరీక్షకు ముందు పాపను పెద్దది చేయడానికి మేము వేసే చుక్కల మందు పడితే కొన్ని గంటల పాటు కొలతకు అర్థమే ఉండదు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి పాప గుండ్రతనమే మారుతుంది. 66 ఏళ్ల మనిషిని ఇరవై ఏళ్ల కుర్రాడితో పక్కపక్కన పెట్టి "ఇతని పాప తక్కువ విప్పారింది, ఇతనికి శ్రమ తక్కువ" అంటే అది పెద్ద పొరపాటు.

బ్రాడీపేట విద్యార్థి
ఆదివారం, ఉదయం 9:15

సార్ చెప్పింది అక్షరాలా నిజం. అందుకే కొందరు పరిశోధకులు ముందు పూర్తి వెలుతురులో, తర్వాత పూర్తి చీకట్లో ఆ మనిషి పాప ఎంత నుంచి ఎంత దాకా మారుతుందో చూసుకుంటారు. ఆ పరిధిలో ఎన్నో వంతు కదిలిందని లెక్క కడతారు. మనిషిని తనతోనే పోల్చడం అన్నమాట.

కొలిచే తీరు కూడా చెబుతాను, కోడర్ అన్నకు పనికొస్తుంది. మనిషిని గడ్డం ఆనించి కూర్చోబెట్టి ఎదుట తెర మీద ఒక చిన్న గుర్తు చూడమంటాం. చూపు పక్కకు పోతే కెమెరాకు పాప కోలగా కనిపించి సైజు తప్పుతుంది. కెమెరా సెకనుకు 60 సార్లు తీస్తే మంచిది. వాక్యం మొదలవడానికి ముందు ఒక సెకను పాటు పాప ఎంత ఉందో తీసుకుని, దాన్నుంచి ఎంత పెరిగిందో చూస్తాం. పాప నెమ్మది మనిషి. మనసు కష్టపడ్డాక సుమారు ఒక సెకను ఆగి గానీ శిఖరానికి చేరదు. అందుకే వాక్యం అయిపోగానే చెప్పమనం, రెండు మూడు సెకన్లు ఆగమంటాం. వెంటనే నోరు విప్పితే మాట్లాడే శ్రమ వచ్చి వినే శ్రమ మీద పడుతుంది. రెప్పపాటు వచ్చిన చోట గీతను అటూ ఇటూ చూసి కలుపుతాం. రెప్పపాట్లు మరీ ఎక్కువైన వాక్యాన్ని వదిలేస్తాం. ఒక్కో స్థాయికి ఇరవై, పాతిక వాక్యాలైనా ఉండాలి, ఎందుకంటే ఒక్క వాక్యంలో పాప ఎన్నో కారణాలతో కదులుతుంది. ఇవన్నీ 2018లో మాథ్యూ విన్, డోర్తే వెండ్ట్, కూలెవైన్, స్టెఫనీ కుచిన్‌స్కీ కలిసి పద్ధతిగా రాసి పెట్టారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అది చదవకుండా కెమెరా ఆన్ చేయకూడదు.

నేను నేర్చుకున్న పాఠం ఒకటి. మొదటి వారం మా గదిలో కిటికీ తెర కొంచెం తొలిగి ఉంది. మబ్బు వచ్చినప్పుడల్లా పాప పెద్దదైంది. నలుగురు వచ్చి గంటేసి కూర్చున్న డేటా మొత్తం తీసేయాల్సి వచ్చింది. వాళ్లకు ఫోన్ చేసి చెప్పేటప్పుడు చాలా బాధపడ్డాను.

ఏలూరు రోడ్ కోడర్
ఆదివారం, ఉదయం 9:31

అర్థమైంది. యాప్ ఆలోచన పక్కన పెట్టేశాను. రెప్పపాట్లు సరిచేసే ప్రోగ్రాం కావాలంటే రాసిస్తాను, అడుగు తమ్ముడూ.

సత్యనారాయణపురం అమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 2:10

మా అబ్బాయికి రెండున్నరేళ్లప్పుడు ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో వినికిడి యంత్రం అమర్చే ఆపరేషన్ అయింది. ఇప్పుడు రెండో తరగతి, మామూలు స్కూలు. టీచర్లందరూ "ఇంప్లాంట్ ఉన్న పిల్లాడని చెబితే గానీ తెలియదండీ" అని మెచ్చుకుంటారు. ఇంటికి రాగానే చెవి మీది ప్రాసెసర్ పీకి సోఫాలో విసిరేస్తాడు. ఇదివరకు తిట్టేదాన్ని. ఇంత ఖరీదైన వస్తువు, ఇంత కష్టపడి తెచ్చుకున్నాం అని. ఈ మాటలన్నీ చదివాక ఆ తిట్లు తలుచుకుని ఏడుపు వచ్చింది. పిల్లల్లో దీని గురించి ఏమైనా తెలిస్తే చెప్పండి.

బ్రాడీపేట విద్యార్థి
ఆదివారం, మధ్యాహ్నం 3:02

అమ్మా, ఇంప్లాంట్ ఉన్న పెద్దవాళ్ల మీద చేసినది ఒకటి చెబుతాను. 2016లో ఇందాక చెప్పిన మాథ్యూ విన్ చూసింది ఇది. వాక్యం మొదట్లోనే సందర్భం తెలిసిపోతే మామూలు చెవి ఉన్నవాళ్లకు శ్రమ చాలా తొందరగా తగ్గిపోయింది. వాక్యం ఇంకా నడుస్తుండగానే పాప దిగిపోవడం మొదలైంది. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు కూడా సందర్భం సాయపడింది, కానీ ఆలస్యంగా. వాక్యం అయిపోయాక కూడా వాళ్ల మనసు ఇంకా పని చేస్తూనే ఉంది. క్లాసులో టీచరు ఒక వాక్యం ముగించి రెండోదానికి వెళ్లినప్పుడు, మీ బాబు ఇంకా మొదటిదాన్ని సర్దుకుంటూ ఉండవచ్చు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక్క క్షణం ఆగమని టీచరుగారిని అడగండి. ఖర్చు లేని సాయం.

అక్క వాళ్ల నాన్నగారి తొంభైకి సూటిగా తగిలే పని కూడా ఉంది. 2021లో విన్, కేథరిన్ టీస్ వినికిడి మార్కు వేరు, శ్రమ వేరు అని తేల్చి రాశారు. వాక్యంలో ఒక మాట చెరిపేసి గోల పెట్టినప్పుడు, వినేవాళ్లు మిగతా మాటల్ని బట్టి దాన్ని ఊహించి పూర్తి చేస్తారు. జవాబు నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ పాప మాత్రం ఎక్కువ విప్పారుతుంది, తిరిగి మామూలు కావడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది. అతుకు కనపడకుండా అతికినందుకు మార్కు వచ్చింది, అతికిన శ్రమ మాత్రం ఒంట్లో ఉండిపోయింది.

భవానీపురం అక్క
ఆదివారం, మధ్యాహ్నం 3:20

"అతికిన శ్రమ" అన్న మాట రాసి పెట్టుకున్నాను తమ్ముడూ. పదకొండేళ్లుగా నేను వెతుకుతున్న మాట ఇది.

చట్టం కూడా ఈ శ్రమను చూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్ నష్టం ఉంటే ఒక వర్గం, 70 అయితే ఇంకో వర్గం. నాది 60కి లోపు. కాగితం ప్రకారం నాకేమీ లేదు. సీటు ప్రింటర్ దగ్గర నుంచి మార్చమని అడగడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇలాంటి కొలత ఏదో ఒక రోజు సర్టిఫికెట్‌లోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కొత్తపేట ఆడియాలజిస్ట్
ఆదివారం, సాయంత్రం 6:45

మేడమ్, మీ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఈ కొలతను సర్టిఫికెట్‌లో పెట్టడానికి నేను ఈ రోజున ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

పాప ఎక్కువ విప్పారితే శ్రమ ఎక్కువ, తక్కువ విప్పారితే శ్రమ తక్కువ అన్న సూత్రం సగం దాకానే నడుస్తుంది. గోల పెంచుకుంటూ పోతే మొదట పాప విప్పారుతుంది. ఒక హద్దు దాటి మాట అసలు అందనప్పుడు మనిషి చేతులెత్తేస్తాడు, పాప మళ్లీ చిన్నదవుతుంది. జెక్‌వెల్డ్, క్రామర్ 2014లో ఇది చూపించారు. గీత కొండలా ఎక్కి దిగుతుంది. దిగిన వైపు చూసి "ఇతనికి హాయిగా ఉంది" అని సర్టిఫికెట్ రాస్తే? ఇంకా ఉంది. రోజువారీ జీవితంలో బాగా అలసిపోతున్నామని చెప్పినవాళ్లకే పరీక్షలో పాప తక్కువ విప్పారిందని 2018లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచే వచ్చింది. పెట్టడానికి శక్తి ఉంటే కదా పెట్టేది. అంటే మీలాంటివారు సాయంత్రం ఆరింటికి పరీక్షకు వస్తే మీ పాప కదలకపోవచ్చు, మీకు శ్రమే లేదని రాసేయవచ్చు.

2016లో పికోరా ఫుల్లర్, ఇంకా చాలామంది కలిసి ఈ శ్రమకు ఒక చట్రం రాశారు. అందులో నాకు నచ్చినది, వాళ్లు శ్రమను మాట ఎంత కష్టంగా ఉందన్నదానితోనే కొలవరు, వినాలన్న కోరిక ఎంత ఉందన్నదాన్నీ కలుపుతారు. మనవరాలి మాట అయితే ఎంతైనా కష్టపడి వింటాం. అక్కర్లేని ప్రసంగం అయితే వదిలేస్తాం. మీ నాన్నగారు ఆ రెండు గంటలు వదిలేయలేదు. మనుషులంటే గిట్టకపోతే మొదటి పది నిమిషాల్లోనే వదిలేసేవారు. మీ బాబాయిగారికి చెప్పాల్సింది నా దృష్టిలో ఇది.

గుంపుల సగటు చెప్పడానికి ఈ కొలత చాలా బాగుంటుంది. చెవి మిషన్లలో గోల తగ్గించే సదుపాయం ఉంటుంది కదా, దాన్ని ఆన్ చేసినా మార్కు పెరగనంత తేలిక గోలలో కూడా పాప తక్కువ విప్పారిందని 2017లో వెండ్ట్ బృందం చూపించింది. మిషన్ తయారుచేసేవాళ్లకు అది బంగారం లాంటి సంగతి. ఒక్క మనిషి గురించి తీర్పు చెప్పడానికి మాత్రం ఇంకా సరిపోదు.

మీరు ఇంట్లో చేయగలిగింది చేయండి. అలాంటి చోట నాన్నగారిని గోడకు వీపు ఆనేలా, వెలుతురు ఎదుటివాళ్ల మొహం మీద పడేలా కూర్చోబెట్టండి. మాట మొదలుపెట్టే ముందు దేని గురించో ఒక్క మాట ముందు చెప్పండి, "పెళ్లి సంబంధం గురించి నాన్నా" అని. గంటకోసారి పది నిమిషాలు బయటికి తీసుకెళ్లండి, ఆయన అడగక ముందే. మిషన్‌లో గోల మధ్య వాడే ప్రోగ్రాం పెట్టారో లేదో మీ ఆడియాలజిస్ట్‌ని అడగండి. తొంభై వచ్చిందని ఆ సంగతి వదిలేసి ఉండవచ్చు.

భవానీపురం అక్క
ఆదివారం, రాత్రి 7:10

ఒప్పుకుంటున్నాను డాక్టర్ గారూ. సాయంత్రం ఆరింటి సంగతి నాకు తట్టలేదు. కానీ సర్టిఫికెట్ కాకపోతే ఇంకేదైనా కావాలి. అడిగి తెలుసుకునే ప్రశ్నాపత్రమైనా సరే. "ఎంత వినపడుతోంది" అని అడుగుతారు గానీ "విన్నాక ఎలా ఉంది" అని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

కొత్తపేట ఆడియాలజిస్ట్
ఆదివారం, రాత్రి 7:22

రేపటి నుంచి నేను అడుగుతాను మేడమ్.

రిటైర్డ్ తెలుగు మాస్టారు
సోమవారం, ఉదయం 6:30

నాకు కుడిచెవి సగం పోయింది. ముప్ఫై అయిదేళ్లు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి భాష వైపు నుంచి ఒక సంగతి అడుగుతాను. మీరు చెప్పిన పరిశోధనలు డచ్చి భాషలో, ఇంగ్లీషులో జరిగినట్టున్నాయి. తెలుగు వాక్యంలో గుట్టంతా చివర ఉంటుంది. ఇంగ్లీషులో కాదన్న సంగతి వాక్యం మధ్యలోనే తెలిసిపోతుంది. మనకు "మీ తమ్ముడు నిన్న రాత్రి రైలుకు గుంటూరు నుంచి" అన్నంతసేపూ ఏమీ తేలదు. వచ్చాడా, రాలేదా, రాలేడా, రానన్నాడా అన్నది ఆఖరి మాటలో ఉంటుంది. ఆ ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి మన గొంతు దిగిపోతుంది. "రాలేదు" అంటే రైలు దిగలేదని, "రాలేడు" అంటే కాలో చెయ్యో బాగాలేదని. ద, డ ఒక్కటే తేడా. నా చెవికి ఆ రెండూ ఇప్పుడు ఒకటే. వాక్యం మొత్తం మోసుకుంటూ వచ్చి గుమ్మంలో జారవిడుచుకున్నట్టు ఉంటుంది. దీన్ని మీ కనుపాప పట్టుకోగలదా?

బ్రాడీపేట విద్యార్థి
సోమవారం, ఉదయం 7:55

మాస్టారూ, నమస్కారం. మీరు అడిగింది నా డిసర్టేషన్‌కు గుండెకాయ లాంటి ప్రశ్న. రాత్రి మా గైడ్‌తో కూడా ఇదే మాట్లాడాను.

పట్టుకోగలదనే నా నమ్మకం. పాప గీతను వాక్యం మొదలు నుంచి కాకుండా ఆఖరి మాట నుంచి లెక్కపెట్టి చూడాలి. "రాలేదు" లాంటి చోట మనసు రెండు అర్థాలనూ పట్టుకుని ఊగుతుంటే, ఆఖరి మాట తర్వాత పాప దిగడం ఆలస్యం కావాలి. ఇది నా ఊహ మాత్రమే, చేసి చూడాలి. దానికి ముందు నాకు మంచి తెలుగు వాక్యాలు కావాలి. అన్నీ ఒకే పొడవు, రోజూ వాడే మాటలు, ఆఖరి మాట ముందే ఊహించలేనివి. ఊహించగలిగితే శ్రమ ముందే దిగిపోతుంది. నేను రాసినవి ఎనభై దాకా ఉన్నాయి, పుస్తకం వాసన కొడుతున్నాయి. మీరు చూసి పెడతారా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు
సోమవారం, ఉదయం 8:05

పంపించు నాయనా. ఈ వయసులో నాకు ఇంతకన్నా మంచి పని ఏముంది.

కృష్ణలంక కూతురు
సోమవారం, రాత్రి 9:50

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇవాళ సాయంత్రం ఈ చర్చ మొత్తం నాన్నకు చదివి వినిపించాను. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కో పోస్టుకీ ముందు ఎవరు రాశారో చెప్పి. మధ్యలో రెండుసార్లు ఆగాం, ఆయన అడగక ముందే.

ఆడియాలజిస్ట్ గారు బాబాయికి చెప్పమన్న మాట దగ్గర నాన్న నన్ను మళ్లీ చదవమన్నారు. చదివాను. ఆ తర్వాత కాసేపు ఏమీ అనలేదు. "పిన్ని వాళ్ల అమ్మాయి ఆ రోజు తన ఉద్యోగం గురించి చెబుతోంది, అది పోగొట్టుకోకూడదని కూర్చున్నాను" అన్నారు. ఆ అమ్మాయి ఏ కంపెనీ, ఏ ఊరు, ఎంత జీతం అన్నీ చెప్పారు. పక్కనే ఉన్న నాకు అవేవీ గుర్తులేవు. బాబాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "నేను అలా అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు.

గోల ప్రోగ్రాం సంగతి కనుక్కున్నాను. పెట్టలేదట. శుక్రవారం రమ్మన్నారు.

మాస్టారి "రాలేదు, రాలేడు" విని నాన్న చాలా ఉత్సాహపడ్డారు. షెడ్డులో వాడే మాటలతో కూడా వాక్యాలు కట్టొచ్చా అని అడగమన్నారు.

బ్రాడీపేట విద్యార్థి
సోమవారం, రాత్రి 10:04

తప్పకుండా కట్టొచ్చు అక్కా. రోజూ వినే మాటలైతే ఇంకా మంచిది. పంపమనండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు
బుధవారం, ఉదయం 6:15

ఎనభైలో ఇరవై ఆరు కొట్టేశాను. "గుడిలో గంట మోగింది" తీసేయి, గంట అనగానే మోగింది అన్నమాట నోట్లోకి వచ్చేస్తుంది. "కుక్క మొరిగింది"కీ అదే జబ్బు. "అమ్మ కూర తాలింపు" అన్నదాని తర్వాత పెట్టింది అన్నా వేసింది అన్నా మన ఊళ్లో చెల్లుతుంది, కాబట్టి ఏది సరైన జవాబో నువ్వు తేల్చలేవు, తీసేయి. "అతడు" అని ఎవరూ అనరు, "అతను" అని మార్చు, లేదా మనిషి పేరు పెట్టు. మిగతావి బాగున్నాయి. రికార్డింగుకు నా గొంతు పనికిరాదు, వణుకుతోంది. పాఠం చెప్పే గొంతు ఉన్న ఆడపిల్లను చూడు, చివరి మాట మింగకుండా పలకమను. మింగేది మింగనిది రెండు రకాలుగా తీసుకుంటే ఇంకా మంచిది, బయట వినపడేది మింగినదే కదా.

కృష్ణలంక కూతురు
బుధవారం, రాత్రి 8:40

నాన్న చెప్పినవి, ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

కుర్రాడు బోల్టు బిగించలేదు.
మేస్త్రీ రేకు వంచలేడు.
పెయింటు ఇంకా ఆరలేదు.
బండి ఇవాళ షెడ్డు దాటదు.

ఇంకా పన్నెండు ఉన్నాయి. పనికొస్తాయా అని అడుగుతున్నారు.

బ్రాడీపేట విద్యార్థి
బుధవారం, రాత్రి 9:03

మొదటి రెండూ బంగారం అక్కా. బిగించలేదు, బిగించలేడు రెండూ, వంచలేదు, వంచలేడు రెండూ పెడుతున్నాను, మిగతా వాక్యం అక్షరం మారకుండా. మూడోదాంట్లో "పెయింటు" ముందు ఒక మాట కావాలి. ఏ పెయింటో నాన్నగారిని అడిగి చెప్పండి.